ఆ వేలిది తప్పు కాదు

గవర్నర్‌పేటలో నేను పని చేసిన షాపు వాళ్ళు ఆమధ్య నన్ను పిలిచారు. కొత్తగా చేరినవాళ్ళకి ఓ గంటసేపు నాలుగు మాటలు చెప్పమన్నారు. రిటైరైన మనిషికి అంతకంటే ఏం కావాలి? ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వెళ్ళాను. ఆసుపత్రుల్లో, ఆఫీసుల్లో మనం పెట్టే టచ్ తెరలు ఎలా బిగించాలి, ఎక్కడ బిగించకూడదు, దుమ్ముతో ఏం తంటా, తేమతో ఏం తంటా, అన్నీ చెప్పాను. చివర్లో కాస్త గొంతు పెంచి, "తెర పలక్కపోతే ఎదుటి మనిషి వేలిని మాత్రం ఎప్పుడూ తప్పు పట్టకండి" అన్నాను.

వెనక వరసలో ఒక అమ్మాయి చెయ్యెత్తింది.

"మీరెప్పుడైనా అలా అన్నారా సార్?"

"లేదమ్మా" అన్నాను.

అందరూ చప్పట్లు కొట్టారు. టీ ఇచ్చారు. నేను తాగకుండానే కప్పు కింద పెట్టేశాను. షుగరుందేమో అనుకుని ఉంటారు వాళ్ళు. షుగరు కాదు. ఆ అమ్మాయికి నేను చెప్పింది అబద్ధం. ఈ రాత ఆమె కోసం, ఈ పనిలోకి వచ్చే ఆమెలాంటి వాళ్ళ కోసం.

ఓనరు గారి పరీక్ష

మాది కంకిపాడు. టీవీల రిపేరు నేర్చుకుని బెజవాడ వచ్చాను. టీవీల తర్వాత అంకెలు వెలిగే బోర్డులు, ఆ తర్వాత టోకెన్ మెషీన్లు, చివరికి ఈ టచ్ తెరలు. నా ప్రమోషన్ల సంగతి మీకు అక్కర్లేదు, నాకే సరిగ్గా గుర్తు లేదు. గుర్తున్నది మా ఓనరు ప్రకాశరావు గారు.

మనిషి పొట్టి, నోరు పెద్దది. కొత్త తెర ఏదొచ్చినా షాపు గుమ్మంలో నిలబెట్టించి, పక్కన ఇడ్లీ బండి పెట్టుకున్న రమణమ్మ గారిని పిలిచేవారు. ఆవిడ పిండి చేత్తోనే వచ్చి నొక్కేది. "ఆవిడ నొక్కగలిగితేనే వ్యానెక్కించండ్రా. మీరు నొక్కితే ఏవుంది, మీరు పెట్టిందే గదా" అనేవారు. ఆవిడకి అర్థం కాని తెర రెండు రోజులైనా సరే షాపు గడప దాటేది కాదు. మేము విసుక్కునేవాళ్ళం. ఇంత పని నేర్చుకున్నవాళ్ళం ఇడ్లీ బండి దగ్గర పాసవ్వాలా అని వెనకాల నవ్వుకునేవాళ్ళం కూడా.

ఆయన రెండో నియమం సర్వీసు రిపోర్టు గురించి. రిపేరుకి వెళ్ళిన ప్రతిచోటా ఒక కాగితం రాసి సంతకం పెట్టి రావాలి. "ఏం చేశావో కాదు, ఏం చూశావో రాయి. చేసింది మనకి తెలుసు. చూసింది రేపు ఇంకోడి ప్రాణం కాపాడుద్ది." అప్పట్లో అది పెద్దవాళ్ళ చాదస్తం అనుకున్నాను.

చెయ్యి మంచిది కాదన్న రైతు

నేను మొదట పెట్టిన తెరల్లో ఒకటి ఒక మండలాఫీసులో. ప్రారంభం రోజున ఒక రైతు వచ్చి నొక్కాడు. పలకలేదు. అతను తెరని ఒక్క మాట అనలేదు. వేలు వెనక్కి తీసుకుని, తిప్పి చూసుకుని, తువ్వాలుకి గట్టిగా తుడుచుకున్నాడు. మళ్ళీ నొక్కాడు. "నా చెయ్యి మంచిది కాదు బాబూ, ఇంకెవర్నైనా నొక్కమను" అని పక్కకి తప్పుకున్నాడు.

తీరా చూస్తే తప్పు నాది. తెర మీద అంటించి వచ్చే పల్చటి ప్లాస్టిక్ కాగితాన్ని పీకడం మరిచిపోయాను. పీకేసి, సారీ చెప్పి, నవ్వేశాను. ఆయనా నవ్వాడు.

ఆ రోజే నేను భయపడాల్సింది. ఫ్యాన్ తిరక్కపోతే జనం ఫ్యాన్‌ని తిడతారు. బోరు పనిచెయ్యకపోతే బోరుని తిడతారు. తెర పలక్కపోతే మాత్రం తమ వేలు చూసుకుంటారు. ఎవరినీ పిలవరు, గొడవ చెయ్యరు, తమకే రాదనుకుని సిగ్గుపడి పక్కకి వెళ్ళిపోతారు. అంటే మనం చేసే తప్పు మన చెవిదాకా రాదు. ఈ ఉద్యోగంలో అన్నిటికంటే భయపెట్టే విషయం ఇదే, దీన్ని మీకు ఏ ట్రైనింగులోనూ చెప్పరు.

ఎర్ర బటన్

బెజవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఉంది. పేరు చెప్పను, తప్పు వాళ్ళది కాదు. అక్కడ లోపలికి అడుగు పెట్టగానే మా మెషీన్ ఉంటుంది, మనిషంత ఎత్తు. తెర మీద ఎడమ వైపు కొత్త ఓపీ, పాత ఓపీ, రక్త పరీక్షలు. కుడి వైపు ఒక్కటే, పెద్ద ఎర్ర బటన్, అత్యవసరం. అది నొక్కితే లోపల గంట మోగి నర్సు పరిగెత్తుకు వస్తుంది. అది నేను గర్వపడిన పని.

మెషీన్ రాకముందు అక్కడ ఒక పాత కాంపౌండరు స్టూలు వేసుకుని కూర్చునేవాడు. వచ్చేవాళ్ళ మొహాలు చూసి, "మీరు ఇటు రండమ్మా, లైన్లో వద్దు" అంటూ పంపించేవాడు. మెషీన్ వచ్చాక ఆయన్ని పార్కింగు దగ్గర వేశారు. అప్పుడు నేను దాని గురించి ఆలోచించలేదు.

ఆ తెర ఎలా పని చేస్తుందో చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. అద్దంలో ఏమీ ఉండదు. చుట్టూ ఉన్న ఫ్రేము లోపలి అంచు నుంచి, కంటికి కనపడని వెలుగు గీతలు అడ్డంగా, నిలువుగా పోతూ ఉంటాయి. వేలు పెడితే గీత తెగుతుంది, ఎక్కడ తెగిందో మెషీనుకి తెలుస్తుంది. వేలు మెత్తనిదా మొద్దుదా దానికి అనవసరం. పెన్సిలు పెట్టినా పలుకుతుంది. మన ఫోను తెర అలా కాదు, దానికి చర్మం తగలాలి. ఈ తేడా గుర్తుంచుకోండి. నా పాపమంతా ఈ తేడాలోనే ఉంది.

ఇంకొకటి. స్విచ్చి వేసిన ప్రతిసారీ అది ముందు తన గీతలన్నీ సరిచూసుకుంటుంది. ఏ గీతైనా అప్పటికే తెగి ఉంటే, అది పాడైందనుకుని ఆ వరసని వదిలేస్తుంది. ఇక ఆ వరసలో ఎంత నొక్కినా పలకదు.

ఆయుధ పూజ

దసరాకి మా దగ్గర పనిముట్టు ఏదైనా పూజ అందుకోవాల్సిందే. ఆసుపత్రిలో అంబులెన్సుకి, జనరేటరుకి, ఎక్స్‌రే మెషీనుకి, కంప్యూటర్లకి బొట్లు పెడుతున్నారు. నేను ఆ పూట ఊరికే చూసిపోదామని వెళ్ళాను. రిసెప్షన్‌లో సుజాత గారు పళ్ళెం నా ముందు పెట్టారు.

"మీ బిడ్డకి మీ చేత్తోనే పెట్టండి సార్."

నాకు సంబరమేసింది. గడపకి పెట్టినట్టు ఫ్రేము పై అంచున వరసగా గంధం, కుంకుమ బొట్లు పెట్టాను. ఎడమ పక్క, మధ్యలో, కుడి పక్క. లోపలి అంచుకి తగలకూడదని నాకు తెలుసు. తగలకుండానే పెట్టాను. గంధం కాస్త పల్చగా ఉందని కూడా చూశాను. ఆరాక ఒకసారి నొక్కి చూసి వెళ్దామనుకున్నాను. ఇంతలో సుజాత గారు పులిహోర పొట్లం చేతిలో పెట్టి, "వేడిగా ఉంది, తినెయ్యండి సార్" అన్నారు. తింటూ బయటికి వచ్చేశాను. పండగ కదా అని వాళ్ళు సాయంత్రం మెషీన్ స్విచ్చి తీసేశారు. కుడి పక్క బొట్టు మెల్లగా జారి ఫ్రేము లోపలికి దిగి, వెడల్పుగా పరుచుకుని అక్కడే ఆరిపోయింది. మర్నాడు పొద్దున్నే స్విచ్చి వేశారు.

ఎర్ర బటన్ పై నుంచి కింద దాకా ఆ వరస చచ్చిపోయింది. తెర మీద మాత్రం అది ఎప్పటిలాగే ఎర్రగా వెలుగుతూనే ఉంది.

కెమెరాలో చూసింది

మధ్యాహ్నం ఫోను వచ్చింది. ఆసుపత్రి మేనేజరు గొంతు మామూలుగా లేదు. "ఒక పేషెంట్ తాలూకు అల్లుడు గొడవ చేస్తున్నాడండీ. మీ బటన్ పలకలేదంటున్నాడు. మీరొచ్చేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా కుర్చీ అడ్డం పెట్టించాను. తొందరగా రండి."

మొదట నన్ను కెమెరా గదిలోకి తీసుకెళ్ళారు. ఇప్పటికీ ఆ బొమ్మ నా కళ్ళ ముందు ఆడుతూనే ఉంటుంది. అరవై దాటిన మనిషి, పంచె, భుజాన తువ్వాలు, ఒక చేత్తో భార్యని ఆనించి పట్టుకున్నాడు. ఆవిడ మూతి ఒక పక్కకి లాగింది. కుడి చెయ్యి వేలాడుతోంది. ఆయన ఎర్ర బటన్ నొక్కాడు. ఆగాడు. నొక్కాడు. వేలు చూసుకున్నాడు. తువ్వాలుకి తుడుచుకుని మళ్ళీ నొక్కాడు. వేలిని నోటితో ఊదుకుని మళ్ళీ నొక్కాడు. వెనక లైను పెరిగింది. ఎవరో ఏదో అన్నట్టున్నారు, ఆయన వెనక్కి తిరిగి తల వంచాడు. అప్పుడు ఎడమ వైపు కొత్త ఓపీ నొక్కాడు. వెంటనే చీటీ వచ్చింది. ఆ చీటీ పట్టుకుని భార్యని బెంచీ మీద కూర్చోబెట్టి, బోర్డు మీద తన నంబరు కోసం చూస్తూ కూర్చున్నాడు. పండగ మర్నాడు కదా, జనం కిటకిటలాడుతున్నారు. ఆయన నంబరు ముందు చాలా నంబర్లు ఉన్నాయి. ఆవిడ ఆయన భుజం మీదకి ఒరిగిపోయేదాకా ఎవరూ చూడలేదు.

లేచి హాల్లోకి నడిచాను. తెర దగ్గరికి వెళ్ళేసరికే నాకు కుడి పక్క బొట్టు కనపడింది. లోపలి అంచున ఎండిన గంధపు చార. అది నా వేలు పెట్టిందే.

ఆ క్షణంలో నేను ఆలోచించింది ఆవిడ గురించి కాదు. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. నేను ఆలోచించింది పోలీసు స్టేషన్ గురించి, పేపర్లో నా ఫొటో గురించి, మా ఆవిడకి ఏం చెప్పాలన్న దాని గురించి. సంచిలోంచి గుడ్డ తీసి, మామూలుగా శుభ్రం చేస్తున్నట్టు ఫ్రేము చుట్టూ తుడిచాను. స్విచ్చి తీసి వేశాను. మేనేజరు, అల్లుడు, ఆ పెద్దాయన నా వెనకే నిలబడి చూస్తున్నారు. వాళ్ళ ముందే ఎర్ర బటన్ నొక్కాను. లోపల గంట మోగింది. నర్సు పరిగెత్తుకు వచ్చింది.

"బాగానే ఉంది గదండీ" అన్నాడు మేనేజరు, గుండెల మీంచి బరువు దిగినట్టు. "మరి ఈయన నొక్కితే ఎందుకు పలకలేదు?"

నేను ఆ పెద్దాయన చేతులు చూశాను. గుంట మగ్గం మీద నేసే చేతులు. పోగులు ముడేసి ముడేసి, గంజిలో నాని నాని చూపుడు వేలి కొస నున్నగా గట్టిపడిపోయింది.

"మెషీన్‌లో ఏం లేదండీ. వేళ్ళు మొద్దుబారితే ఒక్కోసారి తీసుకోదు" అన్నాను.

అందరికీ ఫోను తెర తెలుసు కాబట్టి అందరూ నమ్మారు. పెన్సిలుకి కూడా పలికే తెర అది. ఆ సంగతి తెలిసిన మనిషి అక్కడ నేనొక్కడినే.

పెద్దాయన తన వేలు చూసుకున్నాడు. "అవునండీ" అన్నాడు మెల్లగా. "రేషన్ షాపులో గూడా నా ముద్ర పడదు. మా ఆవిడదే ఏస్తాం."

అల్లుడు ఇందాకటి కోపమంతా ఇటు తిప్పాడు. "ఒక బటన్ నొక్కడం గూడా రాదా మావయ్యా! రాకపోతే ఎవర్నైనా పిలవాల గదా! నోరు లేదా?"

ఆయన తువ్వాలు తీసి వేలు మళ్ళీ తుడుచుకున్నాడు. నేను గుడ్డ మడిచి సంచిలో పెట్టుకున్నాను.

గుడ్డకి కుంకుమ

రిపోర్టులో "శుభ్రం చేశాను, సరిగ్గా పని చేస్తోంది" అని రాశాను. చూసింది రాయలేదు. షాపుకి వచ్చాక ప్రకాశరావు గారు కాగితం రెండు సార్లు చదివారు. నా సంచి పక్కనే బల్ల మీద ఉంది, గుడ్డ కొస బయటికి కనపడుతోంది.

"ఏం చూశావ్?"

"ఏం లేదండీ. ఆయన వేలే."

"నీ గుడ్డకి కుంకుమేంటి?"

"దసరా కదండీ."

ఆయన నా మొహంలోకి చూశారు. ఆ కాగితం ఫైల్లో పెట్టి ఇంకేమీ అడగలేదు. చనిపోయేదాకా అడగలేదు. ఆయనకి తెలుసని నా నమ్మకం. తిట్టి ఉంటే బాగుండేది. నోరు పెద్దదైన మనిషి నోరు మూసుకుంటే అంతకంటే భయం ఇంకోటి ఉండదు.

ఆవిడ బతికింది. పక్షవాతంతో కుడి చెయ్యి, మాట పోయాయని తర్వాత సుజాత గారు చెప్పారు. ఆవిడ పేరు భాగ్యలక్ష్మి, ఆయన పేరు వీరభద్రయ్య. మగ్గానికి నూలు కండెలు చుట్టేది ఆవిడేనట. ముందే లోపలికి తీసుకెళ్ళి ఉంటే చెయ్యి దక్కేదేమో, దక్కకపోయేదేమో, డాక్టర్లు కూడా గట్టిగా చెప్పలేదు. ఆ 'ఏమో' పట్టుకుని నన్ను నేను సమాధానపరుచుకోవాలని చాలా ఏళ్ళు చూశాను.

ఆ తర్వాత నా ఉద్యోగమంతా భయమే. ఫోను మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. ప్రతి దసరాకి నేను పెట్టిన మెషీన్ల చుట్టూ తిరిగి, బొట్టు వెనక పక్క పెట్టమని బతిమాలేవాడిని. ఆరాక ప్రతి బటన్ నేనే నొక్కి చూసేవాడిని. షాపులో నాకు 'బొట్టు ఇన్‌స్పెక్టర్' అని పేరు పెట్టి నవ్వేవాళ్ళు. నేనూ వాళ్ళతో నవ్వేవాడిని.

ఆ భయంలోంచి నేర్చుకున్నది చెబుతాను. ఆసుపత్రిలో తెర పెట్టాల్సి వస్తే పక్కన చేత్తో కొట్టే గంట ఒకటి పెట్టించండి. మొహాలు చూసే మనిషిని తీసేస్తామంటే పోట్లాడండి. మనం పోట్లాడితే వింటారా అంటే, వినరు. నా మాట ఒకే ఒక్కచోట విన్నారు. అయినా పోట్లాడండి. తెరకి మొహం చూడడం రాదు. మూతి పక్కకి పోయిన మనిషి ఎదురుగా నిలబడినా అది వేలి కోసమే ఎదురు చూస్తుంది.

కూచిపూడి దాటాక

ఆ అమ్మాయి అడిగిన వారానికి బస్సెక్కాను. వీరభద్రయ్య గారి ఊరు సుజాత గారే చెప్పారు, కూచిపూడి దాటి లోపలికి వెళ్ళాలి. అంతకుముందు ఒకసారి కూచిపూడి దాకా వెళ్ళి, సెంటర్లో టీ తాగి వెనక్కి వచ్చేసినవాణ్ణి. ఈసారి కంకిపాడు దాటుతుంటే మా ఊరే కదా, దిగిపోదామా అనిపించింది. కొడతారేమో అనుకున్నాను. కేసు పెడతారేమో అనుకున్నాను. దిగకుండా ముందు సీటు కమ్మీ పట్టుకుని కూర్చున్నాను.

వీరభద్రయ్య గారు అరుగు మీద కూర్చుని చిక్కుపడిన పోగులు విడదీస్తున్నారు. మగ్గం గుంట మీద చెక్కలు పరిచి ఉన్నాయి. నన్ను గుర్తు పట్టలేదు. లోపలి నుంచి టీవీ మోత వినపడుతోంది. తలుపు తీసే ఉంది, మంచం మీద ఆవిడ గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నారు.

నిలబడే చెప్పేశాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. బొట్టు పెట్టింది నేను. అది జారింది. మీరు సరిగ్గానే నొక్కారు. ఆ తెరకి ఏ వేలైనా ఒకటే. నేను తుడిచేశాకే అది పని చేసింది. ఆ రోజు మీ వేలని చెప్పింది అబద్ధం.

ఆయన చేతిలో పోగులు అలాగే ఉన్నాయి. నేను ఆయన చెయ్యి లేస్తుందేమోనని చూస్తున్నాను.

"మా అల్లుడు ఇప్పటికీ అంటాడండీ" అన్నారు. "నీ వల్లే అత్తయ్య ఇట్టా అయ్యిందని. ఆవిడ ఏదీ అనదు. అనడానికి మాట లేదు గదా. కానీ ఆవిడ మనసులో ఏవుందో నాకు తెలవదు. ఇన్నేళ్ళూ అడగలేకపోయా."

లేచారు. లోపలికి వెళ్ళి టీవీ కట్టేశారు. మళ్ళీ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"ఇప్పుడు చెప్పిందంతా ఇంకోసారి చెప్పండి. గట్టిగా చెప్పండి. ఆవిడకి వినపడాల."

మొదటిసారి కంటే రెండోసారే కష్టమైంది. గొంతు పెంచి చెప్పాను. పక్కింట్లోంచి ఎవరో బయటికి వచ్చి చూశారు. ఆగకుండా చివరిదాకా చెప్పాను.

ఆవిడ నా వైపు చూడలేదు. ఎడమ చెయ్యి ఎత్తి ఆయన్ని దగ్గరికి రమ్మన్నారు. ఆయన వెళ్ళి మంచం పక్కన కూర్చున్నారు. ఆవిడ ఆయన కుడి చెయ్యి తీసుకుని, చూపుడు వేలు గుప్పిట్లో పెట్టి మూసుకున్నారు. ఆయన భుజాలు కదలడం మొదలైంది.

నన్ను ఎవరూ కూర్చోమనలేదు. వెళ్ళిపొమ్మని కూడా అనలేదు. నేను గుమ్మం బయట అలాగే నిలబడి ఉన్నాను.